మా రూమ్ తరపున నేను వేసిన ఓటు

గల్ఫ్‌లో, ఘాలాలోని మా కంపెనీ క్యాంపులో పదమూడు రూములు. రూముకు ఎనిమిది మంది, ఒక ఫ్రిజ్, ఒక కిటికీ, ఒక ఓటు. మనిషికి ఓటు కాదు, రూముకు ఓటు. కొత్తగా వచ్చినవాళ్లు ఈ సంగతి విని నవ్వుతారు. పదకొండేళ్ల కింద నేనూ నవ్వాను. సగం మందికి పగలు డ్యూటీ, సగం మందికి రాత్రి డ్యూటీ, అదీ నాలుగు చోట్ల నాలుగు సైట్లు. అందరినీ ఒకచోట నిలబెట్టి చేతులెత్తించడం ఈద్ నాడు తప్ప కుదరని పని. అందుకని ఎవరు పెట్టారో తెలియదు గాని ఒక పద్ధతి నడుస్తోంది. క్యాంపు లీడరుగా ఎవరుండాలో రూములో వాళ్లు దొరికినప్పుడు దొరికినట్టు మాట్లాడుకుని తేల్చుకుంటారు. తర్వాత ఒక శుక్రవారం పొద్దున రూముకొక మనిషి మెస్ హాలుకు వెళ్లి, ఆ పేరు కాగితం మీద రాసి డబ్బాలో వేస్తాడు. అతన్ని రూమ్ మనిషి అంటారు. మూడో నంబరు రూముకు రూమ్ మనిషిని నేను. కంపెనీలో టైంకీపర్ను, డిగ్రీ చదివినవాణ్ని, తప్పుల్లేకుండా రాస్తానని ఆ పని నాకు అప్పగించారు.

లీడరంటే పెద్ద పదవేమీ కాదు. ఏసీ ఆగిపోతే క్యాంపు బాస్‌కు చెప్పడం, బస్సు రాకపోతే డ్రైవరుకు ఫోన్ చేయడం, ఇంతే. కాని ఏడాదికొకసారి ఒక్క పని మాత్రం అతని చేతిలో ఉంటుంది. ఎండలు ముదరకముందే, ఆరోగ్యం బాగాలేని నలుగురి పేర్లు రాసి ఆఫీసుకు ఇస్తాడు. ఆ నలుగురినీ సైటు మీది పని మాన్పించి గేటు దగ్గరో స్టోర్‌లోనో నీడపట్టున పెడతారు. లీడరు రాసిచ్చిన పేర్లను ఆఫీసు కాదన్నట్టు నాకు తెలిసి ఎప్పుడూ లేదు.

ఆ ఏడు ఆ నాలుగు పేర్లలో ఒకటి మా కాకది కావాలి.

కాక నాకు సొంత కాక కాడు. జగిత్యాల దిక్కు మా ఊరికి పక్క ఊరాయన. రూములో నాది పై మంచం, ఆయనది కింది మంచం. సెంట్రింగ్ పని, అంటే స్లాబు పోసే ముందు చెక్కలు, ఇనుప పైపులు కట్టడం. యాభై ఆరేళ్లు దాటాయి. అంతకు ముందు ఎండాకాలంలో రెండుసార్లు సైటు మీదే కళ్లు తిరిగి పడిపోయాడు. మొదటిసారి మొఖాన నీళ్లు కొట్టి లేపారు. రెండోసారి డాక్టరు బీపీ మాత్రలిచ్చి, ఎత్తు మీద పని చేయొద్దని చీటీ రాశాడు. ఆ చీటీ పట్టుకెళ్లి ఫోర్‌మన్‌కు చూపిస్తే, "ఎత్తు లేకుంట సెంట్రింగ్ పని ఏడుంటదే?" అన్నాడట. చీటీ మడిచి కాక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఈ ఫోర్‌మనే ఆ ఏడు లీడరుకు నిలబడ్డాడు. అతనికి ఎదురు నిలబడ్డది మేస్త్రి అన్న. రాతి కట్టుబడి పనిలో ఇరవై ఏళ్ల మనిషి, క్యాంపులో ఎవరికి జ్వరమొచ్చినా ముందు గంజి పట్టుకెళ్లేది ఆయనే. ఇద్దరికీ చెరొక రెండో లీడరు ఉండాలి, అది కూడా పాత పద్ధతే. మేస్త్రి అన్న తనకు జోడీగా కడప దిక్కు ఎలక్ట్రీషియన్ని పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరోజు మా రూముకు వచ్చి కాక మంచం మీద కూర్చున్నారు. "నాలుగు పేర్లల్ల ముందుగాల నీదే రాస్త కాకా, జబాన్ ఇస్తున్న" అన్నాడు మేస్త్రి అన్న. ఎలక్ట్రీషియన్ పక్కనుండి, "అన్న ల్యాకపోయినా నేను రాస్తా, నువ్వేం దిగులు పడాకప్పా" అన్నాడు. మా రూములో ఉన్నవాళ్లమంతా, మా ఓటు మేస్త్రి అన్నకే అని జబాన్ ఇచ్చాం. మా దిక్కు జబాన్ ఇవ్వడమంటే కాగితం రాసిచ్చిన దానికంటే గట్టిది. ఆ గట్టితనమే మమ్మల్ని ముంచుతుందని నాకప్పుడు తెలియదు.

ఆనాటి నుంచి కాక గేటు డ్యూటీకి తయారుకావడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర కూర్చునేవాడు వచ్చీపోయే బండ్ల నంబర్లు రాసుకోవాలి. కాకకు తెలుగే కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు. ఒక శుక్రవారం మత్రా బజారుకు వెళ్లి రూళ్ల నోటుబుక్కు కొనుక్కొచ్చాడు. సాయంత్రం డ్యూటీ దిగి స్నానం చేసి, క్యాంపు ముందు నిలిపిన బండ్ల దగ్గరికి వెళ్లి, ఒక్కొక్క నంబరు ప్లేటు చూసి రాసి, తెచ్చి నాకు చూపేవాడు. బి అక్షరం, ఎనిమిది అంకె ఆయనకు ఎప్పుడూ కలిసిపోయేవి. "రొండిటికి పెద్ద ఫరకేమున్నది కొడుకా, రొండూ బొర్రవెట్టుకోనే ఉన్నయి" అని నవ్వేవాడు.

అదే ఏడు అమెరికాలో కూడా ఎన్నికలు. మెస్ హాలు టీవీలో ఎప్పుడు చూసినా అవే. నిలబడ్డ పెద్దాయన మధ్యలో తప్పుకోవడం, ఆయన కింద పనిచేసే ఉపాధ్యక్షురాలు ఆయన జాగాలో నిలబడడం మా వాళ్లకు వింతగా ఉండేది. చదువుకున్నవాణ్ని కదా, అందరూ నన్నే అడిగేవారు. అడిగితే నేను ఊరుకునే రకం కాదు. పెరుగన్నం పళ్లెం పక్కనపెట్టి మొదలుపెట్టేవాణ్ని.

అమెరికాలో జనం నేరుగా అధ్యక్షుడికి ఓటేయరని చెప్పాను. కాగితం మీద ఉండేది అతని పేరే, కాని ఓటు పడేది అతని తరపున నిలబడిన ఎలెక్టర్లకు. వాళ్ల పార్లమెంటు రెండు సభల్లో ఒక రాష్ట్రానికి ఎందరు సభ్యులుంటారో, ఆ రాష్ట్రానికి అందరు ఎలెక్టర్లు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ, ఒక్క ఓటు ఎక్కువొచ్చిన పార్టీకే ఆ రాష్ట్రపు ఎలెక్టర్లందరూ పోతారు. జనం ఓట్లేసిన నెలన్నరకు, డిసెంబరులో, వాళ్లు ఎవరి రాష్ట్రంలో వాళ్లు కూర్చుని అసలు ఓటు వేస్తారు. మొత్తం ఐదువందల ముప్పై ఎనిమిది మంది, రెండువందల డెబ్బై వచ్చినవాడు గెలిచినట్టు. "మన రూమ్ మనుషుల లెక్కనే" అని నేను ముగించేసరికి మా వాళ్లు ఖుషీ అయిపోయారు. అమెరికా మన క్యాంపును చూసి నేర్చుకుందని ఒకడన్నాడు.

కాక మాత్రం ఆలోచనలో పడ్డాడు. "పిల్లనడగ పోయిన పెద్దమనుషుల లెక్కనా?" అన్నాడు.

"అంతే కాకా. పంపినోళ్ల మాట చెప్పి రావాలె. సొంత తెలివి వాడేది లేదు."

"మరి పెద్దమనుషులు తొవ్వల ఉండంగనే పిల్లగాడు ఎటన్న పోయిండనుకో. అప్పుడేం చెయ్యాలె?"

మంచి ప్రశ్న. నాకు సమాధానం సగమే తెలుసు. పార్టీ పెద్ద సభకు ముందు తప్పుకుంటే సభకొచ్చిన ప్రతినిధులు కొత్త పేరు ఒప్పుకుంటారని, సభ అయిపోయాక తప్పుకుంటే పార్టీ కమిటీ ఇంకొకరిని పెడుతుందని చదివాను. కాగితాలు అచ్చయి, ఓట్లు పడి, ఎలెక్టర్లు మాత్రమే మిగిలిన వేళ తప్పుకుంటే ఏమవుతుందో నేను చదవలేదు. తెలియదు అంటే నా సొమ్మేం పోయేది? ఆ మాట నా నోట రాలేదు. "ఎలెక్టరన్నోడు జబాన్ తప్పొద్దు కాకా, మాట ఎవరికిచ్చిండో ఆయనకే వెయ్యాలె. చాలా రాష్ట్రాలల్ల కానూనే ఉన్నది" అన్నాను. చాలా రాష్ట్రాల్లో కట్టుబాటు చట్టం ఉన్న మాట నిజమే. మిగిలిన సగం నా మిడిమిడి జ్ఞానం.

అప్పుడే ఎలక్ట్రీషియన్ పక్క బల్ల నుంచి ఒక మాట విసిరాడు. "టైంకీపర్ సారుకు అమెరికాలో ఎన్ని ఓట్లుండాయో తెలుసు గానీ, నిన్న పొద్దున బస్సులో ఎంతమంది ఎక్కినారో తెలీదబ్బా." అంతకు ముందు రోజు హాజరులో ఇద్దరిని తప్పు వేసిన మాట నిజమే. హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. కాని ఆ నవ్వు పళ్ల దాకానే. ఇంత చిన్న మాటను లోపల దాచుకున్నానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అయినా రాయాలి.

అమెరికాలో ఫలితాలు వచ్చిన రెండు వారాలకు మా ఓటు. ఆ శుక్రవారానికి ఐదు రోజుల ముందు మేస్త్రి అన్నను కంపెనీ బహ్లా సైటుకు మార్చింది. అక్కడ పాత మట్టి గోడల పక్కన రాతి కట్టుబడి పని మొదలైందని, చెయ్యి తిరిగిన మేస్త్రి కావాలని పొద్దున చెప్పి మధ్యాహ్నం బండి ఎక్కించారు. బహ్లా రెండు గంటల దూరం. అక్కడి క్యాంపు వేరు, అక్కడి లీడరు వేరు. ఇక్కడ లీడరుగా ఉండే వీలు ఆయనకు ఇక లేదు.

మెస్ హాలు తలుపు మీద మాత్రం ఆయన పేరు అంటించి ఉంది. పేరు మార్చమని ఎలక్ట్రీషియన్ వెళ్లి అడిగితే క్యాంపు బాస్, "అతికించిన కాగితం పీకేది లేదు, మీరు లోపల ఎవరి పేరు రాసుకుంటే వాళ్లకే లెక్క" అన్నాడు. ఆ సాయంత్రం మేస్త్రి అన్న బహ్లా నుంచి రూమ్ మనుషులకు ఒక్కొక్కరికే ఫోన్ చేశాడు. నాకూ చేశాడు. "తమ్మీ, నా పేరు మీద అచ్చే ఓట్లన్ని ఎలక్ట్రీషియన్‌కు పడాలె. నాతోని ఉన్నోడే గద, నేను చేసే పని ఆయన చేస్తడు."

"అన్నా, రూమ్ జబాన్ ఇచ్చింది నీకు. రూమ్ మళ్ల కూసోని చెప్పాలె గద" అన్నాను.

"అడుగు మరి. అడిగి ఏం చేస్తవో చెయ్" అన్నాడు.

అడిగాను. ముగ్గురు రాత్రి డ్యూటీలో ఉన్నారు, ఫోన్లు ఎత్తలేదు. ఇద్దరు, "నువ్వు చదువుకున్నోనివి, ఎట్ల మంచిగుంటె అట్ల చెయ్" అన్నారు. ఒకడు బట్టలు ఉతుక్కుంటూ తలూపాడు. కాక నోటుబుక్కు మూసి, "నీకు ఎరికే గద కొడుకా" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. తన పేరు రాసే మనిషికి ఓటేయమని నోరు తెరిచి అడగడం ఆయనకు చేతకాదు. నాకు అర్థం కావాలి. అర్థం కాలేదని కూడా అనలేను, అర్థం చేసుకునే పని నేను పెట్టుకోలేదు.

శుక్రవారం పొద్దున తెల్ల చొక్కా వేసుకుని మెస్ హాలుకు వెళ్లాను. వెళుతూ నాలో నేను పెద్ద వాదమే నడిపాను. రూమ్ మనిషి సొంత తెలివి వాడకూడదని ఇదే హాలులో అందరి ముందు చెప్పింది నేను. ఈ రోజు ఇంకో పేరు రాస్తే, నీ కానూను ఏమైందని అడగరా? పైగా రాయాల్సింది నన్ను బస్సు లెక్క చెప్పి నవ్వులపాలు చేసినవాడి పేరు. జబాన్ అంటే జబానే అనుకున్నాను. కాగితం మీద మేస్త్రి అన్న పేరు గుండ్రంగా, తప్పుల్లేకుండా రాసి డబ్బాలో వేశాను. బయటికొచ్చి చాయ తాగాను. నిజం చెప్పాలంటే ఆ చాయ తాగుతున్నంతసేపు నా మీద నాకు చాలా గౌరవం కలిగింది.

క్యాంపు బాస్ డబ్బా విప్పి చదివాడు. ఫోర్‌మన్‌కు ఆరు. ఎలక్ట్రీషియన్‌కు ఆరు. మేస్త్రి అన్నకు ఒకటి.

సమానంగా వస్తే తేల్చేది క్యాంపు బాస్. అదీ పాత పద్ధతే. రోజూ తన పక్కన కూర్చుని చాయ తాగే ఫోర్‌మన్‌ను కాదని ఇంకొకరిని అంటాడా? ఒక్క నిమిషంలో తేల్చేశాడు.

"బహ్లాకు ఓటేసిందెవరప్పా?" అని ఎలక్ట్రీషియన్ అడిగాడు. గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"నేనే. మా రూమ్ జబాన్ ఇచ్చింది" అన్నాను.

అతను, "ఎవరికిచ్చినావు సార్? జబాన్ తీసుకున్నాయనే దాన్ని నాకియ్యమనె గదా" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు, పద్ధతి పద్ధతే అని గట్టిగా అనేసి వచ్చాను.

తర్వాత చాలా రోజులకు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నేను చదవని ఆ సగం కూడా చదివాను. చాలా కాలం కింద అమెరికాలో సరిగ్గా ఇలాగే జరిగిందట. జనం ఓట్లేశాక, ఎలెక్టర్లు కూర్చోకముందే, ఓడిపోయిన పక్షం తరపున నిలబడ్డ మనిషి చనిపోయాడు. ఆయన ఎలెక్టర్లలో దాదాపు అందరూ బతికున్న వేరే మనుషులకు ఓటేశారు. ముగ్గురు మాత్రం మాట తప్పకూడదని చనిపోయినాయనకే వేశారు. ఆ మూడు ఓట్లనూ లెక్కలోకి తీసుకోలేదు. మాటకు కట్టుబడి ఉండాలని చట్టం చేసిన రాష్ట్రాల్లో కొన్ని, నిలబడ్డ మనిషి చనిపోతే ఏం చేయాలో కూడా పక్కనే రాసిపెట్టుకున్నాయట. మాట ఎందుకిచ్చారో అది చూడాలని వాళ్లకు తట్టింది. పద్ధతిని మెస్ హాలులో అంత గొప్పగా చెప్పిన నాకు తట్టలేదు.

మార్చి నెలలో ఫోర్‌మన్ నాలుగు పేర్లు రాసిచ్చాడు. అందులో ఒకడికి ఆస్తమా, అది న్యాయమే. మిగిలిన ముగ్గురూ అతని గ్యాంగువాళ్లు. కాక పేరు లేదు. నేను అతని రూముకు వెళ్లి అడిగాను, డాక్టరు చీటీ చూపించాను. అతను చీటీ వంక చూడనైనా చూడలేదు. "నువ్వు ఓటేసిన లీడర్ బహ్లాల ఉన్నడు గదా, పోయి ఆయన్నడుగు" అన్నాడు.

మేస్త్రి అన్నకు ఫోన్ చేసి ఆయన్నే అడిగాను. "ఇక్కడికెల్లి నేనేం చెయ్యగలుగుత తమ్మీ? గందుకే గద ఆ పొద్దు అంతగానం చెప్పిన" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును.

కాక మళ్లీ పైకెక్కాడు. నోటుబుక్కు కొన్నాళ్లు దిండు కింద కనిపించింది, తర్వాత దాంట్లో కాగితాలు చింపి మా రూమువాళ్లు కూరగాయల చీటీలు రాసుకున్నారు. జూన్ నుంచి పన్నెండున్నరకు బయటి పని ఆపి మూడున్నర దాకా నీడన ఉండాలనే రూలు ఇక్కడ ఉంది. మా సైటులో కూడా ఆపారు, ఆ విషయంలో తప్పు చెప్పలేను. కాని ఎండ పన్నెండున్నర దాకా ఆగి రాదు కదా. జూన్ రెండో వారంలో ఒకరోజు పదకొండు గంటలకు, మొదటి అంతస్తు ఎత్తు మీద ఇనుప పైపు పట్టుకుని నిలబడ్డ కాక, పట్టు వదిలి కిందపడ్డాడు. నేను కింద హాజరు పుస్తకంతో ఉన్నాను. అరుపు విని పరుగెత్తేసరికి కళ్లు తెరిచే ఉన్నాడు. "బండి రాకముందే మాత్రలు ఇయ్యి, జేబుల ఉన్నయి" అన్నాడు. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ చేశారు. రెండు నెలలు మంచం మీదే. ఇక సైటు పనికి పనికిరాడని డాక్టరు రాశాక ఆఫీసు ఆయన్ను ఇంటికి పంపే ఎగ్జిట్ కాగితాలు తయారుచేసింది. ఆ కాగితాల్లో కాక పేరు, ఊరు, ఎన్నేళ్ల డ్యూటీ, అన్నీ నింపింది నేనే. అది టైంకీపర్ పని.

పోయే రోజు పొద్దున ఆయన సంచి నేనే సర్దాను. మిగతావాళ్లు డ్యూటీకి పోయారు, రూములో మేమిద్దరమే. ఆయన మంచం మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఏది ఎక్కడ పెట్టాలో చెబుతున్నాడు. ఆ తొమ్మిది నెలల్లో మా ఇద్దరి మధ్య ఓటు మాట ఒక్కసారి కూడా రాలేదు. ఆయన ఎత్తలేదు, నాకు ధైర్యం లేదు. సంచి జిప్పు లాగుతుంటే పిలిచాడు.

"కొడుకా, ఒక్క ముచ్చట అడుగుత. ఉన్నదున్నట్టు చెప్పు."

"అడుగు కాకా."

"ఆ పొద్దు కాయిదం మీద పేరు రాసేటప్పుడు, నేను నీకు యాదికి అచ్చిన్నా?"

సంచి వైపే చూస్తూ, "అచ్చినవ్ కాకా" అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. ఇన్నాళ్లూ లోపల తొలుస్తున్నదేదో తీసి పక్కన పెట్టినట్టు, "గదే నేననుకున్న" అన్నాడు. "నేను యాదికి అచ్చిగూడ జబాన్ నిలవెట్టుకున్నవంటే, నీకెంత కష్టమైందో కొడుకా. ఇగ నాకేం బాధ లేదు."

బండి హారన్ కొట్టింది. ఆయన్ను పట్టుకుని మెల్లగా బయటికి తీసుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టాను. కాళ్లు లోపలికి ఎత్తి పెడుతుంటే నా తల మీద చెయ్యి వేశాడు. పేరు రాసిన ఆ పొద్దు నాకు కాక గుర్తుకే రాలేదు.